పట్టూ విడుపూ: కర్రు నుంచి కార్బైడు దాకా

సార్వాకు కాలవలు వదిలిన కొద్ది రోజులకే చల్లపల్లి నుంచి అవనిగడ్డ వైపూ, ఘంటసాల వైపూ పోయే రోడ్ల మీద అడ్డగీతలు పడతాయి. నిచ్చెన మెట్లలా వరసగా ఉండే ఆ గీతలు ట్రాక్టరు దమ్ము చక్రాలవి. చేలో బురదను పట్టుకోమని చేయించిన ఇనుము తారును కూడా పట్టుకుంది. నేల మీద పట్టు ఎంత ఉండాలి, విడుపు ఎంత ఉండాలి అన్న లెక్క కృష్ణా డెల్టా రైతు తరతరాలుగా వేస్తున్నదే. కెనడాలో మంచు మీద స్నోమొబైల్ అనే మంచుబండి నడిపేవాడు దాని ముందుండే స్కీల, అంటే జారుడు పలకల, కింద కార్బైడు అనే గట్టి పదార్థం ఎంత వేయించాలని ఆలోచించేటప్పుడు వేసేదీ ఆ లెక్కే.

మన వైపు ఈ కథ కర్రుతో మొదలవుతుంది. నాగలంతా కొయ్య, నేలను తాకే మొన ఒక్కటే ఇనుము. తొలకరికి ముందు కమ్మరి కొలిమి దగ్గర కర్రులు వరసకట్టేవి. కర్రు మొద్దుబారితే నాగలి పైపైనే జారిపోతుంది. మరీ లోతుకు దిగితే రేగడిలో ఎడ్లు లాగలేవు. తన నేలకు ఎంత మొన కావాలో రైతు చెప్పేవాడు, కమ్మరి అంతే సాగదీసేవాడు. మొత్తం ఇనుముతో చేయనక్కర్లేదు, అరిగే చోట గట్టిది పెడితే చాలన్న తెలివి అందులో ఉంది.

ఆ గట్టిదాన్ని తయారు చేయడంలో తెలుగువాళ్ళు ఒకప్పుడు లోకానికి పెద్దలు. నిజామాబాద్ ప్రాంతపు కోనసముద్రంలో మూసల్లో కరిగించి తీసిన ఉక్కు కోసం పారశీక వర్తకులు వచ్చి మకాం పెట్టేవారు. 19వ శతాబ్ది తొలినాళ్ళలో అక్కడికి వెళ్ళిన హెన్రీ వాయ్సీ ఆ పనితీరును రాసిపెట్టాడు. ఆ ఉక్కుతో చేసిన కత్తుల మీద నీటి అలల్లా కనిపించే తెల్లని చాళ్ళు ఇనుమూ, కార్బనూ కలిసి గట్టిపడిన కార్బైడువే. పేరు తెలియకుండానే మన కమ్మరులు కార్బైడును వాడారు. మామిడికాయలు మగ్గబెట్టే కార్బైడు వేరు, దాన్ని దీనితో కలపకూడదు.

1855లో బెజవాడ ఆనకట్ట పూర్తయ్యాక ఈ డెల్టా నేలలకు కాలవ నీళ్ళు నిలకడగా అందాయి. వరి పెరిగింది, వరితోపాటు బురదా పెరిగింది. దమ్ము అంటే నీళ్ళు నిలిపిన మడిని తొక్కి, కలిపి, మెత్తగా చేయడం. మట్టి రేణువులు సర్దుకుని అడుగున నీరు ఇంకని పొర కడుతుంది, కలుపు అణుగుతుంది, ఊడ్పుకు నారు దిగుతుంది. ఎడ్లకాలంలో ఈ పనికి పట్టు సమస్య రాలేదు. ఎద్దు గిట్ట చీలి ఉంటుంది. దిగేటప్పుడు విచ్చుకుంటుంది, తీసేటప్పుడు ముడుచుకుంటుంది. బురదలో దాన్ని మించిన చక్రాన్ని ఇంతవరకూ ఎవరూ చేయలేదు.

బండి చక్రం సంగతి అలా కాదు. ఇనుప పట్టాను పిడకల మంటలో ఎర్రగా కాల్చి, కొయ్య చక్రానికి తొడిగి, నీళ్ళు పోసి బిగించేవారు. గట్టి బాట మీద దానికి తిరుగులేదు. వాన కురిసిన రేగడిలో మాత్రం ఆ సన్నని పట్టా కత్తిలా దిగిపోయేది. బండి ఒకసారి గాడిలో పడితే ఎడ్లను ఏ పక్కకు అదిలించినా అది గాడి వెంటే పోయేది. లక్ష్మీపురం పంచదార ఫ్యాక్టరీకి చెరకు తోలినవాళ్ళకు ఆ అవస్థ బాగా తెలుసు. అందుకే టైరు బండి వచ్చాక పాత చక్రాలు చూస్తూండగానే పశువుల పాకల వెనక్కి చేరిపోయాయి.

1977 నవంబరు 19 ఉప్పెన దివిసీమలో వేలమంది మనుషులతోపాటు లక్షల్లో పశువులను తీసుకుపోయింది. కాడీ మేడీ మిగిలి, ఎడ్లు లేని ఇళ్ళెన్నో. అప్పటికే మద్రాసులో టాఫే కంపెనీ ట్రాక్టర్లు చేస్తోంది. ఆ తరవాతి దశాబ్దాల్లో దమ్ము పని ట్రాక్టరుదైపోయింది.

ట్రాక్టరు మడిలోకి దిగాక అసలు చిక్కు తెలిసింది. వెనక టైరు గుబ్బల మధ్య బంకమట్టి నిండితే ఆ టైరు నున్నని పీపా అయిపోయి ఉన్నచోటే తిరుగుతుంది. అందుకే ఇనుప వలయాల మధ్య అడ్డంగా యాంగిల్ ముక్కలు అతికిన దమ్ము చక్రం వచ్చింది. మట్టి ఆ సందుల్లోంచి జారిపోతుంది, అడ్డబద్ద మాత్రం నేలను తన్నుకుంటూ బండిని ముందుకు తోస్తుంది. ముందు టైర్లది వేరే పని. వాటి మీద చక్రం చుట్టూ నిలువు గట్లుంటాయి, బండి పక్కకు జారకుండా ఆపేవి అవే. పల్చని బురదలో అవీ పట్టు తప్పుతాయి. అప్పుడు డ్రైవరు స్టీరింగును నమ్ముకోడు. కుడి, ఎడమ వెనక చక్రాలకు ఉన్న వేరువేరు బ్రేకుల్లో తిరగాల్సిన వైపుది తొక్కి బండిని మళ్ళిస్తాడు. రోడ్డెక్కేముందు ఆ రెండు బ్రేకులనూ కొక్కెంతో కలపడం మరిచిపోతే ప్రాణం మీదికొస్తుంది.

ముందు టైరు మీది ఆ నిలువు గట్టు పనే మంచులో కార్బైడు పట్టీ చేస్తుంది. కెనడాలోని క్యుబెక్‌లో బొంబార్డియే అనే ఆయన 1959లో స్కీ-డూ అనే స్నోమొబైల్‌ను అమ్మకానికి తెచ్చాడు. దానికి వెనక రబ్బరు పట్టా, ముందు స్కీలు. స్కీ అడుగున ఉక్కు కడ్డీ, ఆ కడ్డీ అంచున టంగ్‌స్టన్ కార్బైడు. జర్మనీలో క్రుప్ కంపెనీ 1926లో విడియా పేరుతో బజారుకు తెచ్చిన గట్టి పదార్థం అది. రాయలసీమలో బండను తొలిచే బోరు బిట్టు బొడిపెలూ దానితో చేసినవే. గడ్డకట్టిన మంచులో కార్బైడు పొడవు పెరిగేకొద్దీ బండి చెప్పినట్టు తిరుగుతుంది, హ్యాండిల్ మాత్రం బరువెక్కుతుంది. వెనక పట్టాకు మేకులు ఎక్కువగా కొట్టి ముందు కార్బైడు తక్కువ వేస్తే బండి మలుపు తిరక్క నేరుగా దూసుకుపోతుంది. ముందు మరీ ఎక్కువైతే వెనక భాగం జారి పక్కకు తిరుగుతుంది. లోతైన మెత్తటి మంచులోనైతే కార్బైడుతో పెద్దగా పనే లేదు, అక్కడ కావలసింది స్కీ వెడల్పు. మన తడి చేలో వరి కోయడానికి టైరు మిషన్ వదిలి చైన్ మిషన్ పిలిపించేది కూడా ఇందుకే. బరువు పరుచుకుంటే బండి దిగబడదు.

తారు రోడ్డు మీద ఈడిస్తే ఆ కార్బైడు అంచు పాడవుతుందని మంచుదేశాలవాళ్ళు జాగ్రత్తపడతారు. ఇక్కడ చక్రం బాగానే ఉంటుంది, చెడేది రోడ్డు. ఒక దమ్ము సీజనులో పడిన గీతల్లో వాననీరు దిగి, మరుసటేటికి గుంటలవుతాయి. కుప్పనూర్పిళ్ళయ్యాక ధాన్యం బస్తాల ట్రక్కు మళ్ళీ ఆ గుంటల్లోంచే రావాలి. ట్రాక్టరు యజమానులను చేతులెత్తి అడుగుతున్నాను. ఈ సార్వాకు దమ్ము చక్రాలను ట్రక్కులో వేసుకుని చేను దాకా వెళ్ళండి, గట్టు దగ్గర బిగించుకోండి, పని కాగానే అక్కడే విప్పేయండి.