మోటారు సైకిళ్ల దార్ఢ్యము – యజమానుల సాక్ష్యము



గ్రామమున నొకడు మోటారు సైకిలు కొనదలచినచో, ముందుగా నట్టి బండి గలవానిని సమీపించి, "అయ్యా, మీ బండి యెట్లున్నది?" అని యడుగును. ఆతడు చెప్పిన మాటనుబట్టి, ధాన్యమమ్మిన సొమ్మునో, అప్పు దెచ్చిన సొమ్మునో దుకాణమున చెల్లించును. ఒక యేటి పంట నొక్క మాటపై నిలుపుచున్నాము గనుక, ఆ మాట యెంతవరకు ప్రమాణమో విచారింపవలసియున్నది. ఈ విచారణకు నూరేండ్లకు మించిన చరిత్ర కలదు.

మొదట మా యూరి సంగతి యొకటి మనవి చేసెదను. మా వీధిలో నొక పెద్దమనిషి పదునాలుగేండ్లు ఒకే బండిని నడపెను. "నా బండి యొక్కనాడును నన్ను దారిలో విడువలేదు" అని రచ్చబండకడ చెప్పుచుండెడివాడు. ఆయనకు జమాఖర్చులు వ్రాసికొను నలవాటు కలదు. ఒకనాడు వేఱొక లెక్క చూచుటకై యా పుస్తకమును నా చేతికిచ్చెను. అందు బండి పద్దు క్రింద క్లచ్చి తీగ తెగుట మూడుసార్లు, గొలుసు మార్చుట రెండుసార్లు, దీపము బాగుచేయించుట లెక్కకు మించి యున్నవి. అంతేకాదు, చెడిన బండిని ఎడ్లబండిపై వేసి యూరికి తెచ్చినందులకు కూలి రెండుసార్లు వ్రాయబడియున్నది! నేను వ్రేలితో చూపగా ఆయన నవ్వి, "అవి బండి తప్పులు కావు మాస్టారూ, మన దారుల తప్పులు" అనెను. ఆయన యసత్యమాడువాడు కాడు. ప్రీతి జ్ఞాపకమును జల్లెడపట్టినది, అంతియే.

ఇంగ్లండు దేశమున 1900 ప్రాంతమున మోటారు సైకిళ్లు వీధుల కెక్కినప్పుడు, పెక్కు బండ్లయందు ఇంజను బలమును వెనుక చక్రమునకు చేర్చునది యొక పట్టీ. వాన తగిలినచో పట్టీ జారును. గుఱ్ఱపు లాడముల మేకులు గ్రుచ్చుకొని టైర్లు చెడును. తయారుచేయువారి ప్రకటనలయందు మాత్రము ప్రతి బండియు నిర్దోషమైనదే! కావున 1903 లో నేర్పడిన ఆటో సైకిల్ క్లబ్బువంటి సంఘములు బండ్లను బహిరంగముగా పరీక్షింప బూనుకొనినవి. ఈ సంఘమే 1907 లో ఆటో సైకిల్ యూనియన్ అను పేరు దాల్చెను. ఇంగ్లండున రోడ్లు మూసి పందెములు నడపుటకు చట్టము సమ్మతింపలేదు. అందుచే మాన్ ద్వీపమును ఆశ్రయించిరి.

1907 మే 28 వ తేదీన అచ్చట జరిగిన పందెము తలచుకొనదగినది. దూరము 158 మైళ్లు. అది కేవలము వేగమునకు పందెము కాదు. జనులు వాడు బండ్లే పాల్గొనవలెనని, ఒక సిలిండరు బండి గాలనుకు 90 మైళ్లు, రెండు సిలిండర్ల బండి 75 మైళ్లు నడచునట్లు పెట్రోలు కొలిచి యిచ్చిరి. మైలేజి ప్రశ్న నేటిది కాదని శ్రోతలు గమనింతురు గాక. ఒక సిలిండరు తరగతిలో మ్యాచ్‌లెస్ బండిపై చార్లీ కోలియర్ గంటకు 38 మైళ్లకు పైబడిన వేగమున గెలిచెను. రెండవ తరగతిలో గెలిచిన రెమ్ ఫౌలర్, పట్టీ, ప్లగ్గులు, టైరు వీనితో తంటాలుపడుచు పలుమారులు ఆగి ఆగి గమ్యము చేరెను. అయినను లోకమునకు తెలిసినది నార్టన్ బండి గెలిచినదని మాత్రమే. ఎన్నిమార్లాగెనో ప్రకటనలో నెవరు వ్రాయుదురు?

1913 లో కార్లైల్ పట్టణమున అంతర్జాతీయముగా ఆఱు దినముల పరీక్ష మొదలయ్యెను. పరీక్షకు వచ్చు బండిని తయారుచేయువాడే యేరి సిద్ధము చేయును. నడపువాడు నేర్పరి. మన రైతు బండి యట్లు ఏరబడినది కాదు, వాని పరీక్ష ఆఱుదినములతో ముగియునదియు కాదు.

యుద్ధములు దీర్ఘమైన పరీక్ష పెట్టినవి. మొదటి మహాయుద్ధమున వార్తాహరులకై ముప్పదివేలకు మించి సరఫరాయైన ట్రయంఫ్ 'హెచ్' రకపు బండి 'ట్రస్టీ', అనగా నమ్మదగినది, అను బిరుదమును పొందెను. రెండవ యుద్ధమున లక్షకు మించి తయారైన బి.ఎస్.ఎ. ఎం-20 కథ వేఱు. మొదటి సైనిక పరీక్షలో ఇంజను అరుగుదల హెచ్చుగా నుండుటచే అది తప్పినది. దిద్దిన పిమ్మటనే సైన్యమున చేరెను.

మన దేశమునకు వత్తము. 1955 లో చెన్నపట్టణమున రాయల్ ఎన్‌ఫీల్డు బుల్లెట్టు తయారీకి సంస్థ యేర్పడెను. ఇంజను క్రింద నూనె బొట్టు కనబడినను ఆ బండిపై మమకారము వీడని యజమానులు మన జిల్లాలయందు కొల్లలు. 1985 లో హీరో హోండా సీ.డీ. 100 వచ్చి, పెట్రోలు పోసి మూత వేసి మఱచిపొమ్మని ప్రకటించెను. ఒకరు బండిని తలచుకొనుచుందురు, మఱియొకరు మఱచిపోవుదురు. ఈ భేదమునకు లెక్క చూపినవారు అమెరికావారు.

అచ్చట 1936 లో స్థాపితమైన యొక వినియోగదారుల సంస్థ కలదు. దాని పత్రిక కన్స్యూమర్ రిపోర్ట్స్. అది ప్రకటనలు స్వీకరింపదు. 2008 మొదలు 2014 వఱకు వచ్చిన పదునొకండువేలకు మించిన బండ్లనుగూర్చి యజమానులనే యడిగి, 2015 లో ఫలితములు ప్రకటించెను. నాలుగేండ్ల బండి చెడు పాళ్లు, నడచిన దూరమును సరిచూచి కట్టగా, యమహాకు నూటికి 11, హోండాకు 12, హార్లీ డేవిడ్‌సన్‌కు 26, బి.ఎం.డబ్ల్యు.కు 40 తేలెను. పిమ్మట "మరల నిదే బండి కొందురా?" అని యడుగగా, హార్లీ యజమానులలో నూటికి 72 గురు కొందుమనిరి. అందఱికంటె మిన్నగా, నూటికి 80 మంది మెచ్చినది విక్టరీ యను బండి. చెడుటలో దానికి వచ్చిన సంఖ్య 17, అనగా తక్కువ చెడునవాటిలో మొదటిది కాదు. ఇంత మెచ్చబడిన విక్టరీని దాని యజమాన్యము 2017 లో మూసివేసెను.

కావున "చెడునా?" అనునది యొక ప్రశ్న, "మెచ్చితివా?" అనునది వేఱొక ప్రశ్న. మనము మొదటిదానిని అడిగి, రెండవదానికి వచ్చు జవాబును ఇంటికి తెచ్చికొనుచున్నాము. స్థాలీపులాకన్యాయమున ఒక మెతుకును పట్టి కుండెడన్నము ఉడికినదందురు. ఆ మెతుకులన్నిటికి నీరొకటి, మంట యొకటి. బండ్లకట్లు కాదు. పాలబిందెలు మోయు బండియు, కచేరికి పోయివచ్చు బండియు ఒక కుండలోని మెతుకులా?

ఈ యమెరికా లెక్కలను మా పెద్దమనిషికి చదివి వినిపించితిని. ఆయన శ్రద్ధగా విని, "వారిలో యూరియా బస్తా వేసికొని కాలువగట్టుపై పోయినవా రెందఱు మాస్టారూ?" అని యడిగెను. నాకు జవాబు తోచలేదు. మఱునాడు ఆయన యనుమతితో ఆ జమాఖర్చు పుస్తకములోని పదునాలుగేండ్ల పద్దును, తేదీలతోను కూలితోను నకలు వ్రాసి, ఆ యేడు బండి కొనదలచి నా సలహాకై వచ్చిన కుఱ్ఱవాని చేతికిచ్చితిని.