లండన్ బస్సు మెట్లపై తేలిన లెక్క

రెండో ప్రపంచ యుద్ధం ముగిసేనాటికి బ్రిటన్‌లో గుండెపోటు మరణాలు పెరిగిపోతున్నాయి. అప్పటిదాకా నిక్షేపంగా ఉన్న నడివయసు మగవాళ్లు ఉన్నట్టుండి కుప్పకూలుతున్నారు. గుండెపోటు వచ్చినవాణ్ణి వారాల తరబడి మంచం దిగనివ్వని కాలమది. ఒళ్లు కదలకపోవడమూ ఒక కారణమేమోనని అనుమానించినవాళ్లు అరుదు.

యుద్ధకాలంలో భారత్, బర్మాల్లో సైనిక వైద్యుడిగా పనిచేసి వెళ్లిన జెర్రీ మోరిస్‌కు మాత్రం మనిషి చేసే పనికీ ఈ జబ్బుకూ లంకె ఉందా అన్న సందేహం కలిగింది. దాన్ని తేల్చుకోవడానికి ఆయన ఎంచుకున్న చోటు ప్రయోగశాల కాదు, లండన్ రెండంతస్తుల బస్సు. ఒకప్పుడు హైదరాబాద్‌లో డబుల్ డెక్కర్ ఎక్కినవారికి ఆ ఇరుకు మెట్లు గుర్తుండే ఉంటాయి. డ్రైవరూ కండక్టరూ ఒకే బస్సులో, ఒకే ఊళ్లో, ఇంచుమించు ఒకే తరహా జీవితం గడిపేవాళ్లు. కాకపోతే ఒకరు డ్యూటీ అంతా సీటుకు అతుక్కుపోతారు, ఇంకొకరు టికెట్ల కోసం పైకీ కిందికీ తిరుగుతూనే ఉంటారు. మోరిస్ బృందం గంటల తరబడి బస్సుల్లో కూర్చుని కండక్టర్లు ఎక్కే మెట్లు లెక్కపెట్టింది. రోజుకు 500 నుంచి 750 దాకా తేలాయి!

35 నుంచి 64 ఏళ్ల మధ్య వయసున్న దాదాపు 31,000 మంది రవాణా ఉద్యోగుల వివరాలు పరిశీలిస్తే, డ్రైవర్లకంటే కండక్టర్లలో గుండె జబ్బు తక్కువ. వచ్చినా, వెంటనే ప్రాణం తీసే పోటు ఇంకా తక్కువ. మోరిస్ తొందరపడలేదు. తపాలా శాఖలో కూడా చూశారు. సైకిల్ మీదా కాలినడకనా ఉత్తరాలు పంచేవాళ్లు, కుర్చీల్లో కూర్చునే గుమాస్తాలకంటే మెరుగ్గా ఉన్నారు. 1953లో లాన్సెట్ పత్రిక ఈ ఫలితాలను ప్రచురించింది.

అసలు ఘట్టం ఆ తర్వాతే. లావుగా ఉన్నవాళ్లే డ్రైవర్ పనిలో చేరుతున్నారేమో, తేడా పని వల్ల కాదేమో అన్న ప్రశ్న ఎదురైంది. జవాబు కోసం బృందం బస్సు సిబ్బందికి కుట్టించిన యూనిఫాం ప్యాంట్ల నడుం కొలతలను ఆశ్రయించింది. శరీర ధర్మాన్ని దర్జీ కొలతల్లోంచి చదవడం ఎంత అందమైన ఆలోచన! 1956లో వెలువడిన ఆ పరిశీలనలో డ్రైవర్ల నడుం చిన్న వయసులోనే లావుగా కనిపించింది. అంటే అనుమానంలో కొంత నిజముంది. తమ వాదనను బలహీనపరిచే ఆ సంగతిని వాళ్లు దాచలేదు. అదే ఈ పరిశోధనకు నిజమైన గౌరవం. తర్వాత మరింత లోతుగా చూస్తే, సన్నగా ఉన్నా లావుగా ఉన్నా కండక్టర్లకు హఠాన్మరణం ముప్పు డ్రైవర్లకంటే తక్కువేనని తేలింది.

కానీ మెట్లెక్కే ఉద్యోగాలు తగ్గిపోతున్నాయి. మరి తీరిక వేళల్లో ఒళ్లు కదిలిస్తే మేలు ఉంటుందా? అది తేల్చడానికే 1968 నుంచి మోరిస్ ప్రభుత్వ కార్యాలయాల్లో కూర్చుని పనిచేసే వేలాది మందిని ఎంచుకున్నారు. సోమవారం ఉదయం వాళ్ల చేతికి ఒక ఫారం వచ్చేది. శుక్ర, శనివారాల్లో ఏమేం చేశారో అందులో రాయాలి. ఈత, పరుగు, బరువైన తోటపని లాంటి చెమటపట్టే పనులు చేసినవాళ్లలో గుండె జబ్బు బాగా తక్కువగా కనిపించింది. తేలికపాటి పనులతో సరిపెట్టుకున్నవాళ్లకు ఆ మేలు కనిపించలేదు.