రంగు వేసిన చేతులు: యుద్ధక్రీడల చరిత్రలో సీసపు సైనికులు

ప్రవేశిక

బల్లమీద చిన్నచిన్న సైనికుల బొమ్మలను మోహరించి, కొలబద్దతో దూరాలు కొలిచి, పాచికలు వేసి జయాపజయాలను నిర్ణయించుకొనే ఆటకు పాశ్చాత్య దేశాలలో వార్ గేమింగ్ అని పేరు. దీనిని అభిరుచిగా చేపట్టినవారిలో చాలామంది ఆడే సమయం కంటె బొమ్మలకు రంగులు వేసే సమయమే ఎక్కువ. అయినా ఈ క్రీడాచరిత్రను ఎక్కువగా నియమావళుల చరిత్రగానే రాస్తూ వచ్చారు. ఎవరు ఏ నియమాన్ని ప్రవేశపెట్టారు, ఏ సైన్యం దానిని స్వీకరించింది అన్నవే అందులో ప్రధానాంశాలు. ఆ బొమ్మలకు రంగు వేసినవారెవరు అని అడిగితే ఇదే చరిత్ర మరొక విధంగా కనిపిస్తుంది.

రంగు గుర్తు మాత్రమే అయిన కాలం

ఈ క్రీడకు మూలం చదరంగం. రథ, గజ, తురగ, పదాతులనే నాలుగు అంగాల సేన ఆ తెలుగు మాటలోనే దాగి ఉంది. 1780లో జర్మన్ నగరమైన బ్రౌన్‌ష్వైగ్‌లో గణితం బోధించే హెల్విగ్ చదరంగపు బల్లను ఎన్నో రెట్లు విస్తరించి, గడి రంగును బట్టి అది కొండో నీరో మైదానమో తెలిసేటట్లు ఒక యుద్ధక్రీడను ప్రచురించాడు. 1812లో రైస్‌విట్జ్ అనే ప్రష్యన్ ఉద్యోగి గళ్లను తొలగించి, కొండలూ నదులూ పోతపోసిన పలకలతో ఒక బల్లను చేయించి, మూడవ ఫ్రెడరిక్ విలియం రాజుకు సమర్పించాడు. ఆయన కుమారుడు 1824లో ప్రచురించిన నియమావళిలో ఆ బల్ల స్థానంలోకి పటం వచ్చింది. తీర్పరి, పాచికలు, కాలపరిమితిగల ఎత్తులు అన్నీ అందులో ఉన్నాయి. సైనికాధిపతి మ్యూఫ్లింగ్ దానిని మెచ్చి సైన్యానికి సిఫారసు చేశాడు.

ఆ పటం మీద కదిలినవి సైనికుల బొమ్మలు కావు, చిన్న దీర్ఘచతురస్రపు దిమ్మెలు. ఒక పక్షానికి ఎరుపు, మరొక పక్షానికి నీలం. ఇక్కడ రంగు పని ‘మనవారు, పరాయివారు’ అని విడదీయడమే. అధికారులకు శిక్షణ ఇచ్చే సాధనంలో సైనికునికి ముఖం ఉండవలసిన అవసరం ఎవరికీ తోచలేదు. అది లోపమూ కాదు. ఆ సాధనం ప్రయోజనమే అటువంటిది.

డజన్ల లెక్కన రంగులు

ముఖమున్న సైనికుడు వచ్చింది బొమ్మల అంగడి నుండి. న్యూరెంబర్గ్ కళాకారులు పలకరాతి అచ్చులలో తగరాన్ని పోసి పలుచని సైనికుల బొమ్మలు చేసేవారు. పందొమ్మిదవ శతాబ్దంలో హైన్రిక్‌సెన్ సంస్థ వాటి ఎత్తును ఒక ప్రమాణానికి తెచ్చింది. వాటికి రంగులు వేసే పని చాలావరకు ఇళ్లలో స్త్రీలూ పిల్లలూ కూలికి చేసేది. 1893లో లండన్‌కు చెందిన విలియం బ్రిటన్ సంస్థ బోలుపోత పద్ధతిని ప్రవేశపెట్టింది. కరిగిన సీసపు మిశ్రమాన్ని అచ్చులో పోసి, అంచులు గట్టిపడగానే మిగిలినదానిని వెనుకకు ఒంపివేస్తే లోపల బోలుగా ఉన్న బొమ్మ మిగులుతుంది. లోహం తక్కువ పట్టడంతో ధర తగ్గింది, బరువు తగ్గింది. తగ్గనిది కుంచె పని. ఎర్రకోటు, నల్లని టోపీ, బుగ్గల మీద గులాబి చుక్క, అన్నీ చేతితో వేయవలసినవే. ఆ చేతులలో అత్యధికం స్త్రీలవి. పెట్టె మీద సంస్థ పేరూ, రెజిమెంటు పేరూ ఉండేవి.

హెచ్.జి. వెల్స్ 1913లో ‘లిటిల్ వార్స్’ పుస్తకాన్ని రాసినది ఇటువంటి బొమ్మలను గది నేలమీదా తోటలోని గడ్డిమీదా నిలిపి ఆడిన అనుభవంతోనే. బొమ్మఫిరంగిలో స్ప్రింగు విసిరే కర్రముక్క తగిలి పడిన సైనికుడు చనిపోయినట్లు లెక్క. నిజమైన యుద్ధం మానవుల శక్తికి మించిన వెర్రి ఆట అనీ, దానికంటె ఈ చిన్న యుద్ధమే మేలనీ వెల్స్ వాదన. మరుసటి ఏడాదే మహాయుద్ధం మొదలైంది. యుద్ధాలను అంతం చేసే యుద్ధమంటూ దానిని సమర్థించిన రచయితలలో వెల్స్ కూడా ఒకడు. ఆయన శాంతివాదాన్ని వెక్కిరించడానికి ఇది చాలదు కాని, ముచ్చటైన రంగుల సైన్యం యుద్ధం మీద విముఖతను పెంచుతుందన్న ఆయన నమ్మకాన్ని మాత్రం ప్రశ్నించక తప్పదు. తన ఆటను ప్రధానంగా మగపిల్లలకు ఉద్దేశించిన వెల్స్ ఆడపిల్లలలో ‘తెలివైన’ కొందరికే చోటిచ్చాడు. ఆ సైనికులకు కోట్లు తొడిగింది ఆడవారేనన్న సంగతి పుస్తకపు ఆలోచనలోకి రానే లేదు.

కుంచె చేతులు మారడం

రెండవ ప్రపంచయుద్ధానంతరం ఈ పరిస్థితి తలకిందులైంది. 1950లలో కాలిఫోర్నియాలో జాక్ స్క్రూబీ యుద్ధక్రీడాభిమానుల కోసమే బొమ్మలు పోతపోశాడు. ట్యాంకు దళంలో యుద్ధం చేసివచ్చిన డొనాల్డ్ ఫెదర్‌స్టోన్ 1962లో ప్రచురించిన ‘వార్ గేమ్స్’ బ్రిటన్‌లో ఈ అభిరుచికి పెద్ద ఊపునిచ్చింది. అంతకు కొంత ముందే ఎయిర్‌ఫిక్స్ సంస్థ చౌకధరకు ప్లాస్టిక్ సైనికులను పెట్టెలలో నింపి అమ్మసాగింది. వాటికి రంగు ఉండేది కాదు. కొన్నవాడే వేసుకోవాలి.

ఈ మార్పును కళాభిరుచి వికాసంగా వర్ణించడం పరిపాటి. అది సగం నిజమే. మిగిలిన సగం కూలి లెక్క: చేతిపని ఖరీదైనకొద్దీ రంగువేసే శ్రమను ఉత్పత్తిదారుడు కొనుగోలుదారునికి వదిలిపెట్టాడు. 1966లో బ్రిటన్ సంస్థ సీసపు బోలుబొమ్మల తయారీని నిలిపివేసింది. డజన్ల లెక్కన కూలి గిట్టిన పని ఈ విధంగా సెలవురోజు ఆనందంగా, ఎక్కువగా మగవారి ఆనందంగా మారింది.

శ్రమ చేతులు మారాక దానికొక శాస్త్రమూ ఏర్పడింది. ముందు ప్రైమర్ పూత, తరువాత మూలవర్ణం, మడతలలోకి జారే పలుచని ముదురు ద్రవం, ఎత్తైన అంచులపై దాదాపు పొడికుంచెతో లేతరంగు, చివర వార్నిష్. చారిత్రక సైన్యాలకు రంగు వేసేవాడు ఫలానా సంవత్సరంలో ఫలానా రెజిమెంటు కాలరు రంగుకు కట్టుబడవలసిందే; ఈ విషయంలో అభిమానుల వాదోపవాదాలు పాఠపరిష్కర్తల పాఠభేద చర్చలకు ఏమీ తీసిపోవు. 1983లో వెలువడిన వార్‌హామర్, 1987లో వచ్చిన దాని భవిష్యత్కాలపు రూపం వార్‌హామర్ 40,000 ఆ కట్టుబాటును సడలించాయి. కల్పిత లోకపు సైనికుని కవచానికి సాక్ష్యం చూపమని అడిగేవారు లేరు. అదే 1987లో ఆ క్రీడల ప్రచురణకర్త గేమ్స్ వర్క్‌షాప్ గోల్డెన్ డీమన్ అనే చిత్రణపోటీని ప్రారంభించింది. అందులో ప్రథముడైన చిత్రకారుని పేరు ప్రకటించి, బహుమతిగా ఒక ఖడ్గాన్ని చేతికిస్తారు.

పాత బ్రిటన్ బొమ్మలు నేడు వేలంపాటలకు వస్తున్నాయి. సేకర్తలు వాటిలో మొదట పరీక్షించేది అసలు రంగు నిలిచి ఉన్నదా లేదా అన్నదే. తరువాతివారు ఎంత నేర్పుగా మళ్లీ రంగు వేసినా ధర పడిపోతుంది. ఆ అసలు రంగు వేసిన స్త్రీ పేరు వేలం పట్టికలో ఉండదు.