ఆడపిల్లలా విసరడం

"ఆడపిల్లలా విసిరావు" అనడం ఇంగ్లీషులో మగపిల్లాడిని వెక్కిరించే మాట. అమెరికన్ తత్వవేత్త ఐరిస్ మేరియన్ యంగ్ 1980లో ఆ వెక్కిరింపునే తన వ్యాసానికి పేరుగా పెట్టుకుంది. ఆడపిల్లలు ఒళ్లంతా కదిలించి విసరకపోవడానికి కారణం వాళ్ల ఎముకల్లో లేదనీ, ఒదిగి ఉండమని నేర్పే సమాజంలో ఉందనీ వాదించింది. ఆ వ్యాసం పక్కన సాఫ్ట్‌బాల్ చరిత్రను పెట్టి చూడాలి.

సాఫ్ట్‌బాల్ ఆడవాళ్ల ఆటగా పుట్టలేదు. 1887లో షికాగోలోని ఫరాగట్ బోట్ క్లబ్బులో కొందరు మగవాళ్లు బాక్సింగ్ గ్లవ్‌ను కట్టి బంతి చేసుకుని, కర్రతో కొడుతూ నాలుగు గోడల మధ్య మొదలుపెట్టారు. చిన్న చోటు, పెద్ద బంతి, చెయ్యి కిందినుంచి విసరాలన్న నియమం. ఈ లక్షణాల వల్లే అది క్రమంగా "ఆడవాళ్లకు తగిన" బేస్‌బాల్‌గా ముద్రపడింది. 1974లో న్యూజెర్సీలో కోర్టు పోరాటం తర్వాత లిటిల్ లీగ్ బేస్‌బాల్ ఆడపిల్లలను చేర్చుకోక తప్పలేదు. అదే ఏడాది వాళ్లకోసం సాఫ్ట్‌బాల్ విభాగమూ తెరిచింది. తలుపు తీస్తూనే పక్కగది చూపించిందన్నమాట.

ఆ పక్కగదిలో ఆడవాళ్లు ఏం చేశారు? భుజం చుట్టూ చేతిని గిర్రున తిప్పి, కాళ్ల బలాన్ని నడుము మీదుగా వేళ్ల కొసలదాకా తెచ్చి బంతిని వదలడంలో ఆరితేరారు. బంతి వంపు తిరిగేది ఆ చివరి క్షణంలో వేళ్లిచ్చే తిప్పుడు వల్లనే. తిరుగుతున్న బంతి తన చుట్టూ ఉన్న గాలిని ఒక పక్కకు తోస్తుంది. గాలి బంతిని రెండో పక్కకు తోస్తుంది. వేళ్లు బంతి మీదుగా వచ్చి ముందుకు దొర్లిస్తే అది మామూలు కంటే త్వరగా కిందికి దిగుతుంది. అదే "డ్రాప్ బాల్". కిందినుంచి కోసినట్టు వెనక్కి తిప్పితే గాలి పైకి తోస్తుంది. అదే "రైజ్ బాల్". ఆ తోపు బంతి బరువును మించదు. కానీ తొడ దగ్గర చేయి వదిలిన బంతి ముందే పైముఖంగా బయలుదేరుతుంది, పైగా కన్ను ఊహించినంత పడదు. బ్యాటు దాని కిందినుంచి పోతుంది.

ఈ తోపుకు 1852లో ప్రయోగాలు చేసిన జర్మన్ శాస్త్రవేత్త మాగ్నస్ పేరు మిగిలింది. అంతకుముందే న్యూటన్ టెన్నిస్ బంతిలో, 1742లో రాబిన్స్ తుపాకీ గుండులో ఈ వంపును గమనించారు. వేళ్లతో ఆ శాస్త్రాన్ని రోజూ చేసి చూపిన ఆడవాళ్ల పేర్లు మాత్రం ఆటల పేజీ దాటలేదు.

1961లో కనెటికట్ రాష్ట్రంలోని వాటర్‌బరీలో జోన్ జాయిస్ బంతులేసింది. ఎదుట టెడ్ విలియమ్స్, అంతకు ఏడాది ముందే రిటైరైన బేస్‌బాల్ దిగ్గజం. ఆమె బంతుల్లో అతి కొద్ది మాత్రమే అతని బ్యాటుకు తగిలాయి. 2004లో జెన్నీ ఫించ్ ఒక ప్రదర్శన ఆటలో ఆల్బర్ట్ పుజోల్స్‌ని ఔట్ చేసింది. వాళ్ల చేతకానితనం కాదిది. పైనుంచి దిగే బంతులకు అలవాటుపడ్డ కళ్లవి. దూరమూ తక్కువే: బేస్‌బాల్‌లో 60 అడుగుల 6 అంగుళాలు, ఇక్కడ 43 అడుగులు. గంటకు 65 మైళ్ల సాఫ్ట్‌బాల్‌కు ఆ 43 అడుగులు దాటడానికి దాదాపు 0.45 సెకను చాలు. 95 మైళ్ల బేస్‌బాల్ తన దూరం దాటడానికీ ఇంచుమించు అంతే పడుతుంది.

1996 అట్లాంటాలో ఒలింపిక్స్‌లోకి వచ్చిన మహిళల సాఫ్ట్‌బాల్‌ను 2008 తర్వాత తీసేశారు. ఆ 2008లోనే బీజింగ్‌లో జపాన్ క్రీడాకారిణి యుకికో ఉయెనో రెండు రోజుల్లో 413 బంతులు వేసి బంగారు పతకం తెచ్చింది. 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌లో ఆట తిరిగొస్తే, 39 ఏళ్ల వయసులో మళ్లీ గెలిచింది. 2024 పారిస్‌లో ఆ ఆట మళ్లీ లేదు.

ఇరుకు చోటులో ఆడవాళ్లు ఇంత విద్య సాధించారని చెబుతూ ఆ ఇరుకునే పొగడడం మనకు బాగా తెలిసిన ఎత్తుగడ. వంటింటి గురించీ అలాగే పొగిడారు. రైజ్ బాల్‌ను మెచ్చుకుందాం. ఆ మెచ్చుకోలుతో పాటే, బేస్‌బాల్ ఆడాలనుకున్న ఆడపిల్లను పక్కగదికి పంపిందెవరో అడగడం మానకూడదు.