గేటు దగ్గర నిలబడ్డవాళ్ళు
2001 డిసెంబరు 13న పార్లమెంటు మీద దాడి జరిగినప్పుడు లోక్‌సభ స్పీకరు మన తెలుగువారే, అమలాపురం ఎంపీ జి.ఎం.సి. బాలయోగి గారు. మన చిక్కబళ్ళాపురం ఎంపీ ఆర్.ఎల్. జాలప్ప గారు. బాగేపల్లిలో అయినా, చింతామణిలో అయినా మనం ఇలా పెద్దల పేర్లే గుర్తుపెట్టుకుంటాం.

ఆ రోజు సభలు వాయిదా పడినా ఎంపీలు, మంత్రులు చాలామంది లోపలే ఉన్నారు. తెల్ల అంబాసిడరు కారులో ఐదుగురు సాయుధులు వచ్చారు. చేతిలో తుపాకి లేని సీఆర్పీఎఫ్ కానిస్టేబులు కమలేశ్ కుమారి గారు కేకలు వేసి అందరినీ హెచ్చరించి, తూటాలకు బలయ్యారు. సిబ్బంది తలుపులు మూసేశారు. ఎంపీలకు ఏమీ కాలేదు. చనిపోయిన తొమ్మిదిమందిలో ఎనిమిదిమంది భద్రతా సిబ్బంది, ఒకరు తోటమాలి.

మనం ఓటేసి పంపినవాళ్ళను కాపాడింది గేటు దగ్గర కొలువు చేసేవాళ్ళే. వచ్చే డిసెంబరు 13న మనం దీపం పెట్టేటప్పుడు ఆ తోటమాలినీ తలుచుకుందాం.