థైరాయిడ్ ఎక్కువైతే మనసు నిలవదెందుకు?

థైరాయిడ్ గ్రంథి అతిగా పనిచేస్తే గుండెదడ, చేతుల వణుకు, నిద్రలేమితో పాటు ఏకాగ్రత కూడా దెబ్బతింటుంది. చదివింది గుర్తుండదు, చిన్న మాటకే చిరాకొస్తుంది. ఇంట్లోవాళ్లు దీన్ని నిర్లక్ష్యం అనుకోకూడదు.

కార్బిమజోల్ మొదలుపెట్టాక తేడా తెలియడానికి కొన్ని వారాలు పడుతుంది. గ్రేవ్స్ జబ్బయితే సాధారణంగా 12 నుంచి 18 నెలలు వాడాలి. దడ, వణుకు తగ్గడానికి ప్రొప్రానొలాల్ ఇస్తారు. ఆస్తమా ఉంటే ముందే చెప్పాలి.

అందాకా ఒకసారికి ఒకే పని పెట్టుకోవాలి. చేయాల్సినవి రాసుకోవాలి. టీ, కాఫీ తగ్గించాలి. మోతాదు ఎక్కువైనా మందకొడితనం వస్తుంది కాబట్టి డాక్టర్ చెప్పినప్పుడల్లా రక్తపరీక్ష తప్పనిసరి.

జ్వరం, గొంతునొప్పి వస్తే కార్బిమజోల్ ఆపి, అదేరోజు తెల్లరక్తకణాల పరీక్ష చేయించాలి. రోజా ఉండేవారు మందు వేళలు రంజాన్‌కు ముందే డాక్టర్‌ని అడిగి మార్చుకోవాలి.