మంజీర ఇసుకకు కార్శి లేదు

ఎండాకాలంలో మంజీర ఎండినట్టే కనిపిస్తుంది. ఇసుకను మూరెడు లోతు చేత్తో తోడితే చెలిమె ఊరుతుంది. మొదట మడ్డినీళ్లు, నాలుగుసార్లు ఎత్తిపోస్తే తేటనీళ్లు. ఏరు ఆగిపోయాక నీళ్లను దాచేది ఆ ఇసుకే.

బోధన్ ప్రాంతం బయటికి మొదట పంపింది ఈ ఏటి నీళ్లనే, చక్కెరగా మార్చి. మంజీర మీద 1923లో మొదలైన నిజాంసాగర్ ఆనకట్ట 1931లో పూర్తయింది. కాలువ వెంట చెరుకు, చెరుకు వెంట 1937లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ, దాని చుట్టూ శక్కర్‌నగర్. ఆసియాలోనే పెద్దదని పేరుపడ్డ ఆ మిల్లు నుంచి చక్కెర ఊరు దాటినా, జీతాలూ చెరుకు బిల్లులూ ఊళ్లోనే తిరిగేవి. 2002లో 51 శాతం వాటా ప్రైవేటుకు పోయింది. 2015 డిసెంబరులో లే ఆఫ్ ప్రకటించారు.

చెరుకు బండ్లు తిరిగిన రోడ్ల మీద ఇప్పుడు ఇసుక టిప్పర్లు. బీర్కూర్, కోటగిరి వైపు తవ్విన ఇసుక హైదరాబాద్ స్లాబుల్లో కలుస్తుంది. ప్రపంచం ఏటా వాడే ఇసుక, కంకర 4,000 నుంచి 5,000 కోట్ల టన్నులని 2019లో ఐక్యరాజ్యసమితి పర్యావరణ విభాగం లెక్కగట్టింది. మన చట్టం మాత్రం 1957 నుంచి ఇసుకను ‘చిన్నతరహా ఖనిజం’ అంటోంది. ఆ పేరే చేటు చేసిందని నా అనుమానం. ఐదు హెక్టార్లలోపు తవ్వకాలకూ పర్యావరణ అనుమతి ఉండాలని సుప్రీంకోర్టు చెప్పేసరికి 2012 వచ్చింది.

29.7 టీఎంసీలకు కట్టిన నిజాంసాగర్ పూడికతో కుదించుకుపోయింది. తర్వాత ఎత్తు పెంచినా ఇప్పటి సామర్థ్యం 17.8 టీఎంసీలే. పైనుంచి రావలసిన ఇసుక, ఒండ్రు చాలావరకు ఆ కట్ట వెనకే ఆగిపోతున్నాయి. దిగువన ఉన్నది పాత నిల్వ. చెరుకు నరికితే మోడు చిగురించి కార్శి పంట చేతికొస్తుంది. ఇసుకకు కార్శి లేదు.

ఇసుక పలచబడ్డ చోట వరద నిలవదు, నేరుగా కందకుర్తి దగ్గర గోదావరిలో పడుతుంది. ఒడ్డు బావులకు ఊట తగ్గుతుంది. ఇసుక మీద సీనరేజి రుసుము ఖజానాకు చేరుతుంది, బోరు ఇంకో యాభై అడుగులు దింపే ఖర్చు రైతు మీద పడుతుంది. వేబిల్లులో బండి నంబరు, టన్నులు, చేరవలసిన చోటు రాస్తారు. బావి లోతుకు గడి లేదు.

సాలూర దగ్గర వంతెన దాటితే మహారాష్ట్ర. ఇవతల ఇసుక రీచ్ మూయించినా అవతల పొక్లెయిన్ దిగితే ఊట అటే జారుతుంది.